ఆరున్నర శ్రుతిలో రెండేళ్లు

పోయిన నెలలో మా తమ్ముడి కూతురు హారిక రెండు రోజులు ఉంటానని గుంటూరులోని మా ఇంటికి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ మంచం మీద బోర్లా పడుకుని ఫోను చూసుకోవడమే పని. ఆ పిల్ల పాటలు పాడుతుంది. పదహారో ఏట మొదలుపెట్టింది. హుషారు పాటలు, ముద్దు మాటలు, సన్నటి గొంతు. కుర్రకారు ఫోన్లన్నిట్లో అవే మోగుతుండేవి. ఇప్పుడు దానికి ఇరవై రెండేళ్లు. ఈమధ్య ఒక పాటను దరువుల హోరు లేకుండా, నిదానంగా, కింది స్థాయిలో, తను మామూలుగా మాట్లాడే గొంతుకి దగ్గరగా పాడి పెట్టింది. దాని కింద జనం రాసిన మాటలు నాకు చదివి వినిపించింది. జలుబు చేసిందా అని ఒకరు, అప్పుడే ఆంటీవి అయిపోయావా అని ఒకరు, మా పాత హారికను మాకిచ్చెయ్యండి అని ఇంకొకరు. చదవడం అయ్యాక ఫోను బోర్లించి, "అత్తా, నీక్కూడా చిన్నప్పుడు ఇట్టాగే జరిగిందంట కదా. నువ్వెట్టా ఊరుకున్నావు?" అని అడిగింది.

నేను ఊరుకోలేదు. ఊరుకునే రకాన్ని కానని మా ఇంట్లో అందరికీ తెలుసు. నన్ను ఎవరు, ఎక్కడ, ఏ రంగు చొక్కా వేసుకుని ఏమన్నారో కూడా నాకు గుర్తే. మర్చిపోతే మంచిది అని చెప్పేవాళ్లంతా ఎవరినో ఒకరిని ఏదో ఒకటి అన్నవాళ్లే అయి ఉంటారని నా అభిప్రాయం. హారికకు ఆ మధ్యాహ్నం రెండు గంటలు చెప్పాను. చెప్పింది చాలలేదనిపించి ఇప్పుడు రాస్తున్నాను.

మా నాన్న బడిపంతులు. బడి కంటే సంగీతం మీద ఎక్కువ ధ్యాస ఉన్న బడిపంతులు. చిన్నప్పుడు ఆయన పాడతానంటే వాళ్ల నాన్న పాడనివ్వలేదట. ఆ కొరతంతా నాతో తీర్చుకున్నాడు. మా ఇల్లు మిర్చి యార్డుకి పోయే దారిలో ఉండేది. మాఘం దాటిందంటే మా వీధి గాలికి రంగు ఉన్నట్టే అనిపించేది. బస్తాల లారీ పోతుంటే ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరం తుమ్మేవాళ్లం. మిగతావాళ్లకు అది మామూలే. నాన్న మాత్రం ఆ ఘాటును పగవాడిలా చూసేవాడు, కిటికీ సందుల్లో పాత పంచె గుడ్డలు కుక్కేవాడు. పొద్దున్నే కుంపటి మీద మిరియాల కషాయం కాగుతుంటే ఆ వాసనకే మెలకువ వచ్చేది. ముందు కషాయం, తర్వాత హార్మోనియం, ఆ తర్వాతే పళ్లపొడి. పళ్లు తోమకముందు తాగితేనే కషాయం గొంతుకి పడుతుందని ఆయనకు ఎవరో చెప్పారు. ఆ ఎవరో ఎవరని ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. పెరుగు కూడదు, కుండనీళ్లు కూడదు, చింతపండు, జామకాయ, ఐసుపుల్ల అసలే కూడదు. మా తమ్ముడు సరిగ్గా నా ఎదుటికి వచ్చి నిలబడి ఐసుపుల్ల చప్పరించేవాడు. అదేమీ గుర్తులేదంటాడు ఇప్పుడు.

నాకు పదిహేడేళ్లప్పుడు, గుంటూరులోనే క్యాసెట్లు తయారుచేసే ఒకాయన ఏదో పెళ్లిలో నా పాట విని నాన్నకు కబురు పెట్టాడు. ఆయన్ని అందరూ ఓనరు గారనే పిలిచేవాళ్లు, నేనూ అంతే అంటాను. వాన మీద, చిలక మీద, రంగులరాట్నం మీద ఎనిమిది పాటలు, అన్నీ గెంతుతూ పాడాల్సినవే. పాడే గదిలో ఏసీ ఉండేది. మా ఇంట్లో ఎవరికైనా ఏసీ గాలి ఒంటికి తగలడం అదే మొదలు. నాన్నను లోపలికి రానివ్వలేదు, బయట బల్ల మీద కూర్చోబెట్టారు. రెండు రోజులు ఆ బల్ల మీదే కూర్చున్నాడు, ఒక్కరూ మంచినీళ్లు కావాలా అని అడగలేదు. లోపల కీబోర్డాయన ఒక మెట్టు నొక్కాడు, నేను అందుకున్నాను. శ్రుతి ఎంత అని నేనడగలేదు, ఆయనా చెప్పలేదు. హాయిగానే పాడాను. రికార్డింగు మిషను దగ్గర కోటయ్య గారని, ఎప్పుడూ మీటర్ల మీదికి తల వంచుకుని ఉండే మనిషి, అద్దంలోంచి బొటనవేలు చూపించి బాగుందన్నాడు. ఆ గదిలో నాతో మర్యాదగా ఉన్నది ఆయనొక్కడే.

రెండు నెలలకు క్యాసెట్టు వచ్చింది. అట్ట మీద 'బేబీ సరళ' అని వేశారు. ఓణీ వేసుకుని కాలేజీకి పోతున్న దాన్ని, బేబీ. పేరు పోతే పోయిందనుకున్నాను, బొమ్మ కూడా నాది కాదు. రెండు జడలు, ముందుపళ్లు ఊడిన ఎనిమిదేళ్ల పిల్ల, ఓనరు గారి తమ్ముడి కూతురు. అడిగితే, నీ గొంతుకి ఆ మొహమే నప్పుతుందమ్మా అన్నాడు ఓనరు. నవ్వుతూనే అన్నాడు. నేను మాత్రం నవ్వలేదు.

కానీ క్యాసెట్టు పెట్టగానే ఇంట్లో వేరే సందడి మొదలైంది. నాన్న హార్మోనియం దగ్గరకు లాక్కుని మెట్లు సరిచూశాడు. మళ్లీ చూశాడు. ఇంట్లో నేను ఎంత ఎగిరినా ఐదున్నర శ్రుతి దాటేదాన్ని కాదు, క్యాసెట్లో ఆరున్నరలో పాడుతున్నాను. పైగా ఎక్కడా ఆయాసం లేదు, చిలక పలికినట్టు ఉంది. మరి ఇంట్లో ఎందుకు రాలేదు? దీనికి నాన్న రెండు రోజులు ఆలోచించి ఒక సిద్ధాంతం తేల్చాడు. అంతా ఏసీ మహిమ. గుంటూరు ఎండకు గొంతు బిగుసుకుపోతుంది, చల్లగాలిలో వదులై పైకి పోతుంది. ఇరుగుపొరుగుకు, సాటి పంతుళ్లకు కూడా ఇదే చెప్పాడు, అందరూ నిజమే నిజమే అన్నారు. అంతమందిలో ఒక్కరికైనా, ఏసీ వల్ల గొంతు పెరిగితే కీబోర్డు కూడా ఎలా పెరిగిందని తోచలేదు. నాకూ తోచలేదు. పాడినది నేనే అయ్యుండి నాకే తోచకపోవడం ఇప్పటికీ వింతగా ఉంటుంది.

ఏసీ కొనే తాహతు లేదు గనుక వట్టివేళ్ల తడికలు తెప్పించి నా గది కిటికీలకు, తలుపుకు కట్టాడు. గంటకొకసారి అమ్మ చెంబుతో నీళ్లు చల్లేది. ఆ తడివేళ్ల వాసన చాలామందికి హాయి. నాకైతే ఈ రోజుకీ అది తగలగానే మెడనరాలు బిగుస్తాయి. ఆ చీకటి చల్లగదిలో రెండేళ్లు పొద్దునా సాయంత్రం ఆరున్నరలో సాధన చేశాను. పెళ్లిళ్లకు, వార్షికోత్సవాలకు పిలుపులు వచ్చేవి, ఎక్కడికి పోయినా క్యాసెట్లో ఉన్నట్టే పాడమనేవాళ్లు. పాడి వచ్చాక అన్నం మింగుతుంటే గొంతులో ఇసక ఉన్నట్టుండేది. ఒకసారి ధైర్యం చేసి, నాన్నా, అక్కడ ఇంత కష్టంగా లేదు అన్నాను. "అక్కడ ఏసీ ఉందమ్మా. ఇక్కడ సాధనొక్కటే దారి," అన్నాడు. ఆయనకు నా మీద కోపం లేదు. నమ్మకం ఉంది. కోపమైతే ఎదురు తిరిగేదాన్ని.

అద్దంకిలో ఒక కాలేజీ వార్షికోత్సవంలో గొంతు తెగింది. మిట్టమధ్యాహ్నం, షామియానా కింద సెగ. మూడో పాటలో పైకి పోవాల్సిన చోట గొంతు పోలేదు, చిరిగిన గుడ్డలా ఒక చప్పుడు వచ్చి ఆగిపోయింది. నేను మైకు పట్టుకుని నిలబడ్డాను. ముందు వరసల్లోంచి గళ్ల చొక్కా కుర్రాడొకడు లేచి, "ఆమెనెందుకండీ, క్యాసెట్టు పెట్టండి," అన్నాడు. అందరూ నవ్వారు. నిర్వాహకులు నిజంగానే క్యాసెట్టు పెట్టారు. నన్ను స్టేజీ మీదే ఉంచి, నా పాట నాకు వినిపించారు. అంతకంటే అవమానం నాకు తర్వాత ఎన్నడూ జరగలేదు, జరిగిన అవమానాలు తక్కువేమీ కావు.

డాక్టరు నెలరోజులు నోరు తెరవొద్దన్నాడు. ఇంట్లో ఉంటే నాన్న వారం తిరక్కుండా హార్మోనియం తెరుస్తాడని అమ్మకు తెలుసు. అందుకని వినుకొండ దగ్గర పల్లెలో ఉన్న మా పెద్దమ్మ ఇంటికి, అమ్మ వాళ్ల అక్క దగ్గరకు, నన్ను పంపించింది. మిరప కోతలు అయిపోయి కల్లాలు నిండిన రోజులు. పెద్దమ్మ భర్తను పోగొట్టుకుని తనే సేద్యం చేయిస్తుండేది. ఎత్తు మనిషి, పెద్ద గొంతు, ఎవరినీ బతిమాలదు. నన్ను చూసి, మాట్లాడకూడదన్నారు గానీ చేతులు కట్టేసుకోమన్నారా అని, ఒక తువ్వాలు నా మూతికీ ముక్కుకీ కలిపి కట్టి కల్లంలో కూర్చోబెట్టింది. తాటాకు పందిరి కింద ఎండుకాయల రాశి, చుట్టూ పదిమంది ఆడవాళ్లు. నిండు ఎరుపు కాయ ఒక వైపు, తెల్లబడిన తాలుకాయ ఒక వైపు. మొదటి రోజు తుమ్మి తుమ్మి సగం చచ్చాను. వేళ్లు మండితే పెద్దమ్మ మజ్జిగ పోసి కడిగింది. పెరుగు, మజ్జిగ, కుండనీళ్లు, అన్నీ పెట్టేది. నాకు ఏమీ కాలేదు.

వాళ్లు పనిలో పాడుకునేవాళ్లు. అలా పాడటం నేనెక్కడా వినలేదు. మామూలుగా నాట్లలో, కోతల్లో పాటంటే నోరెత్తి పాడతారు. మిరప కల్లంలో అది కుదరదు. నోరు పెద్దది చేసి నిండా గాలి పీల్చారంటే ఘాటు లోపలికి పోయి దగ్గు. అందుకని మూతికి గుడ్డ కట్టుకుని, పెదవులు కాస్తే విడదీసి, చిన్న చిన్న ఊపిర్లతో కిందిస్థాయిలో పాడతారు. ఒకామె పంక్తి చివర ఊపిరి వదిలేస్తే పక్కామె అందుకుంటుంది. పాట నేల మీద పాకుతున్నట్టు ఉంటుంది, అయినా పందిరి చివర కూర్చున్న మనిషికి మాట మాట వినిపిస్తుంది. మూడు వారాలు వింటూ ఊరుకున్నాను. నాలుగో వారం డాక్టరు గడువు తీరకముందే నాకు తెలియకుండానే గొంతు కలిపాను. నొప్పి లేదు. ఇంకొంచెం పాడాను. అయినా నొప్పి లేదు. పెద్దమ్మ తలెత్తకుండా, "పళ్ల సందున పాడు. గొంతు ఎక్కడికీ పోదు, దాన్ని తరమమాక," అంది. నాకు ఏ గురువూ అంతకంటే పనికొచ్చే మాట చెప్పలేదు.

గడువు అయ్యాక నన్ను తీసుకుపోవడానికి వచ్చిన నాన్న కల్లం గట్టు మీద నిలబడి నా పాట విన్నాడు. పెద్దమ్మను పక్కకు పిలిచి కాదు, పదిమంది ఎదుటే, "పిల్లను మిరపకాయల్లో కూర్చోబెట్టి గొంతు మసి చేశావు గదమ్మా. ఇది ఆడపిల్ల గొంతేనా?" అన్నాడు. పెద్దమ్మ ఒక్క మాటే అంది. "గొంతు పోగొట్టుకుని వచ్చింది నా కల్లం నుంచి కాదు, మీ ఇంటి నుంచి." అంతే, రాకపోకలు తెగిపోయాయి. ఆ ఏడు మా ఇంటికి కారం రాలేదు, పండగకు పిలుపు పోలేదు. అమ్మ తన అక్క పేరు ఎత్తాలంటే నాన్న బడికి పోయేదాకా ఆగేది. బంధువులందరికీ అదే మాట: బంగారంలాంటి గొంతు, వాళ్ల పెద్దమ్మ పాడుచేసింది. ఎక్కడికి పోయినా నా ఎదుటే నా గొంతుకి పరామర్శలు. పోయిన మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడేవాళ్లు. కాదని గట్టిగా చెప్పడానికి నా దగ్గర కూడా ఏమీ లేదు. క్యాసెట్టు ఉంది, అందులో ఆరున్నర ఉంది, అది నా దగ్గర లేదు. నిజంగానే ఏదో పోగొట్టుకున్నాననే నేనూ అనుకున్నాను.

ఏడాది తర్వాత నాన్న నన్ను మళ్లీ ఓనరు దగ్గరకు తీసుకుపోయాడు. చల్లగదిలో పాడితే పాత గొంతు వస్తుందేమోనని ఆఖరి ఆశ. ఓనరు ఊళ్లో లేడు. కోటయ్య గారు ఒక్కడే కూర్చుని పాత టేపులకు కాపీలు తీసుకుంటున్నాడు. ఆ రోజు మమ్మల్ని ఆపేవాళ్లు లేరు గనుక నాన్న మొదటిసారి లోపలికి వచ్చాడు. పెద్ద చక్రాల మిషను మీద ఒక టేపు తిరుగుతోంది. ఎవరో అమ్మాయి, నిండుగా, తొందర లేకుండా పాడుతోంది. పాట మాత్రం నా వాన పాటే. నా పాట నాకంటే బాగా ఇంకొకరి చేత పాడించారని నాకు ఒళ్లు మండింది. "ఈ అక్క ఎవరండీ?" అని అడిగాను. కోటయ్య గారు తల తిప్పి, నేను వేళాకోళమాడుతున్నానేమోనన్నట్టు చూశాడు. "అదేంటమ్మా, నువ్వే కదా," అన్నాడు.

తర్వాత ఆయన చెప్పింది ఇది. పాడినప్పుడు టేపు ఒక వేగంతో తిరుగుతుంది. క్యాసెట్టుకి ఎక్కించేటప్పుడు ఓనరు గారు మిషను మీది వేగం మీట రెండు గీతలు పెంచమనేవాడు. వేగం పెరిగితే పాట హుషారవుతుంది, గొంతు చిన్నపిల్ల గొంతవుతుంది, వాద్యాలు కూడా దాంతోపాటే పైకి పోతాయి. ఐదున్నరలో పాడింది ఆరున్నరలో వినిపిస్తుంది. "ఇక్కడ అందరికీ అంతేనమ్మా. మీకు తెలుసనుకున్నా," అన్నాడు. ఆ మాటకు ఆయన మీద కోపం తెచ్చుకుందామని చాలాసార్లు ప్రయత్నించాను, రాలేదు. నిజంగానే తెలుసనుకున్నాడు.

నాన్న మీట దగ్గరకు పోయి వంగి ఆ గీతలు చూశాడు. మళ్లీ పెట్టమన్నాడు. మూడుసార్లు విన్నాడు. నాకు ఏడుపు రాలేదు, నవ్వూ రాలేదు. మూడేళ్లుగా ఎవరో నెత్తిన పెట్టిన బరువు, ఇది నీది కాదమ్మా అని వాళ్లే వచ్చి దించినట్టయింది. నేనేమీ పోగొట్టుకోలేదు. లేని గొంతుని ఎవరూ పాడుచేయలేరు. కల్లంలో నాకు దొరికింది కొత్త గొంతు కూడా కాదు, ఆ టేపులో పదిహేడేళ్ల పిల్ల పాడుతున్న గొంతే, ఇంకాస్త దిగి నేల మీద కూర్చుంది.

ఇంటికి పోయాక నాన్న తడికలు విప్పేశాడు. పెద్దమ్మకు చెప్పాలి కదా అని అడిగితే ఉత్తరం రాస్తాలే అన్నాడు. నెల చూశాను. రాయలేదు. ఎన్నడూ రాయలేదు కూడా, అది నేను ఆయన బతికుండగానే ఆయన మొహం మీదే చాలాసార్లు అన్నాను. చివరికి కోటయ్య గారు అసలు వేగంలో తీసి ఇచ్చిన కాపీ, పక్కింటివాళ్ల టేపురికార్డరు సంచిలో వేసుకుని నేనే బస్సెక్కాను. మళ్లీ కల్లాల రోజులే. పెద్దమ్మ నన్ను చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు. బస్తా మీద టేపురికార్డరు పెట్టి, మీట సంగతి చెప్పి, పాట వేశాను. ఆడవాళ్లు చేతులు ఆపారు. పెద్దమ్మ మాత్రం కాయలు ఏరుతూనే ఉంది. పాట సగంలో ఆపమంది. ఆపాను. మూతికి కట్టిన గుడ్డ కిందికి లాక్కుంది.

"ఏడాదిపాటు నన్ను దొంగను చూసినట్టు చూశారే మీ వాళ్లంతా," అంది. ఒళ్లోని కాయలు కిందికి దులిపి, "మొదట్నుంచీ పెట్టు," అంది.

ఆ తర్వాత కోటయ్య గారి పూనికతో వేరేచోట నాలుగున్నర శ్రుతిలో నిదానం పాటల క్యాసెట్టు చేశాను. అట్ట మీద ఉట్టి సరళ అని వేశారు, నా మొహమే వేశారు. పెద్దగా అమ్ముడుపోలేదు. తిట్టు ఉత్తరాలు వచ్చాయి. చీరాల నుంచి ఒకాయన, మా పిల్లలు మీ పాట విని భయపడ్డారు అని రాశాడు. జవాబు రాశాను, మీ పిల్లల వయసెంత అని. ఆయన మళ్లీ రాయలేదు. ఆ గొంతుతోనే ఇన్నేళ్లు పాడుకున్నాను, పదిమందికి నేర్పాను, రేడియోలో వినిపించాను. పాడి వచ్చాక అన్నం హాయిగా మింగుతున్నాను. నాకు అది చాలు.

ఇదంతా విని హారిక, వాళ్ల దగ్గరా అంతేనని చెప్పింది. కంప్యూటర్లో గొంతు రెండు మెట్లు ఎత్తి సన్నం చేస్తారట. అయితే నీకెవరు చెప్పారు అని అడిగాను. ఒకరు చెప్పేదేముంది, ఆ మీట నొక్కేది నేనే కదత్తా అంది. నొక్కి నొక్కి విసుగొచ్చి, ఈ పాటకు నొక్కలేదట. దాచడమెందుకు, నాకు మొదట కుళ్లు పుట్టింది. నా గొంతు నాదని నాకు ఒకరు మిషను పెట్టి చూపించాల్సి వచ్చింది. ఈ పిల్లకు ఎవరూ చూపించనక్కర్లేకపోయింది. అప్పటి రోజులే బాగుండేవని మా వయసువాళ్లు అంటుంటే నేను తలూపను, ఇందుకే. ఇప్పుడూ తిట్టేవాళ్లు తిడుతూనే ఉన్నారు, పైగా గళ్ల చొక్కా కూడా కనపడనివ్వకుండా తిడుతున్నారు. కానీ మీట ఎక్కడుందో పిల్లలకు తెలుసు.

మర్నాడు హారిక పాటలు చూసుకునే మనిషి ఫోను చేశాడు. ఆ పాట తీసేసి, ఎప్పటిలాంటిది ఒకటి వెంటనే పెట్టమంటున్నాడు. నేను వంటింట్లో కూర తరుగుతూ వింటున్నాను. అవతల ఆయన చాలాసేపు మాట్లాడాడు. హారిక అంతా విని, "తీయనండి," అంది. కోపంగా కాదు, మామూలు గొంతుతో. ఫోను పెట్టేసి, అత్తా, ఆకలేస్తోంది అంటూ వచ్చి పీట వాల్చుకుంది. నేనైతే ఆయనతో ఇంకో గంట దెబ్బలాడి ఉండేదాన్ని.